సున్నా సార్

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున హైదరాబాదులో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ తింటున్నాను. ఫోన్‌లో మా పాత బ్యాచ్ గ్రూపులో ఒక్క వరుస కనిపించింది. "సున్నా సార్ పోయారు. నిన్న సాయంత్రమే మట్టి చేశారంట." పెట్టింది తుళ్లూరు. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. అయినా పన్నెండేళ్లుగా నా ఫోన్‌లో అతను తుళ్లూరే, అతని ఫోన్‌లో నేను మార్టూరునే. ఆ పేర్లతో మమ్మల్ని పిలిచింది సార్.

ఆయనకి మనుషుల పేర్లు నిలిచేవి కావు. చేరిన రోజు పేరు అడిగేవారు, శ్రద్ధగా వినేవారు, వెంటనే "ఏ ఊరమ్మా?" అనేవారు. ఊరి పేరు ఒకసారి చెవిన పడితే ఇక పోయేది కాదు. మా బ్యాచ్‌లో తాడేపల్లి నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చేవాళ్లు. రెండో అమ్మాయిని ఏమని పిలవాలో తేలక రెండు రోజులు అవస్థపడి, మూడో రోజు ఆమె వీధి పేరు అడిగి తెలుసుకున్నాక కాని ఆయన కుదుటపడలేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక దర్జీ కొట్టు మీద మేడగది ఆయన బడి. వాకిట్లో చిన్న రేకు మీద 'మెయిన్‌ఫ్రేమ్ శిక్షణ' అని ఉండేది. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకులు, విమాన సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్. లోపల అలాంటిదేమీ లేదు. ఒక నల్లబల్ల, రెండు వరుసల బెంచీలు, గోడకి ఒక క్యాలెండర్, అంతే. నా ఈడు వాళ్లంతా జావా నేర్చుకోవడానికి హైదరాబాదు పోతుంటే, మా అమ్మ నన్ను అంత దూరం పంపనంది. మార్టూరు నుంచి పొద్దున్నే బస్సెక్కితే తొమ్మిదికల్లా గుంటూరు చేరవచ్చు కాబట్టి నేను ఆ మేడ మెట్లు ఎక్కాను.

మొదటి రోజు తుళ్లూరు అడగనే అడిగాడు, "మెయిన్‌ఫ్రేమ్ ఏది సార్?" అని.

సార్ కుర్చీ మధ్యలోకి లాక్కుని కూర్చున్నారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. "నేనే. చదవండి మీ ప్రోగ్రామ్" అన్నారు.

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. నిజంగానే ఆ తర్వాత రెండు నెలలూ ఆయనే మా మిషన్. మేం గళ్ల కాగితం మీద రాసిన ప్రోగ్రామ్‌ని ఒకరం నిలబడి ఒక్కో వరుసే చదవాలి. ఆయన కళ్లు మూసుకుని వింటూ, వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఆ పని చేసుకుంటూ పోయేవారు. తప్పు రాగానే ఒక కన్ను తెరిచి "ఇక్కడ పడిపోయాను" అనేవారు. నువ్వు తప్పు రాశావని ఆ రెండు నెలల్లో ఎవరినీ అన్నది వినలేదు. ఎప్పుడు పడ్డా తనే పడేవారు.

కోబాల్ భాషలో ఏ వరుస ఏ గడిలో మొదలవ్వాలో ఒక పద్ధతి ఉంది. దానికోసం ఒక చెక్క స్కేలు ఉండేది ఆయన దగ్గర. కాగితం మీద దాన్ని ఆనించి, "ఏడో గడిలో మొదలెట్టావు తల్లీ, అది నీ చోటు కాదు, ఒక అడుగు లోపలికి రా" అనేవారు, వాకిట్లో నిలబడ్డ చుట్టాన్ని పిలిచినట్టు. ఆయన నాన్నగారు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవారట. సూది ఎక్కడ గుచ్చాలో బట్ట మీద ముందు సుద్దతో గీత గీసుకునే స్కేలు అది.

బ్లాకు సైజు పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఆ పాఠం నుంచే వచ్చింది కాబట్టి, ఆయన చెప్పినట్టే చెబుతాను.

పెద్ద కంప్యూటర్లలో సమాచారం వరుసలుగా ఉంటుంది. ఒక మనిషి వివరాలన్నీ ఒక వరుస. దాన్ని రికార్డు అంటారు. ఆ రికార్డుల్ని డిస్కు మీద ఒక్కొక్కటిగా రాయవచ్చు, లేదా కొన్నిటిని కట్టగట్టి ఒకేసారి రాయవచ్చు. ఆ కట్టే బ్లాకు. కట్టకీ కట్టకీ మధ్య డిస్కు మీద కొంత చోటు ఖాళీగా వదలక తప్పదు.

"మీ నాన్న యార్డుకి మిరపకాయలు తోలేటప్పుడు టిక్కీకో లారీ మాట్లాడతాడా?" అని తుళ్లూరుని అడిగారు. గుంటూరులో టిక్కీ అంటే మిరపకాయల బస్తా.

"లేదు సార్, లారీ నిండా వేస్తాడు."

"ఎందుకు?"

"ఒక్క టిక్కీకి లారీ అయితే రోడ్డంతా లారీలే ఉంటాయి సార్."

"కూర్చో. నీకు వచ్చేసింది."

తర్వాత లెక్క చెప్పారు. డిస్కు మీద ఒక చుట్టుని ట్రాక్ అంటారు. కట్ట ఆ చుట్టులో సగానికి సరిపోయేలా ఉంటే ఒక్కో చుట్టులో రెండు కట్టలు చక్కగా ఇముడుతాయి. ఆ సగం, ఇప్పటి డిస్కుల మీద, ఇరవై ఏడు వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది అక్షరాలు. రికార్డు ఎనభై అక్షరాలదైతే మూడు వందల నలభై తొమ్మిది రికార్డులు పడతాయి. మూడు వందల యాభైయోది తెగిపోతుంది. "సగం మనిషిని బస్సు ఎక్కించుకోలేం కదమ్మా, అందుకని వాణ్ణి తర్వాతి బస్సుకి ఆపాలి" అన్నారు.

ఆ లెక్క మేం కట్టనక్కర్లేదట. సిస్టమే కడుతుంది. ముందు ప్రోగ్రామ్‌ని అడుగుతుంది, కట్ట ఎంత అని. ప్రోగ్రామ్ చెప్పకపోతే, జాబుతో, అంటే కంప్యూటర్‌కి అప్పగించే పనితో పాటు మనం ఇచ్చే జేసీఎల్ అనే ఆజ్ఞల కాగితం చూస్తుంది. అక్కడా లేకపోతే డిస్కు మీద ఆ ఫైలుకున్న లేబుల్ చూస్తుంది. మూడు చోట్లా జవాబు దొరకకపోతే, డిస్కు ఏ రకమో చూసుకుని తనే తగిన అంకె వేసుకుంటుంది. అందుకని ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస రాయాలి: బ్లాక్ కంటైన్స్ జీరో రికార్డ్స్. కట్టలో సున్నా రికార్డులు. సున్నా అంటే నేను చెప్పను, నువ్వే చూసుకో అని.

నేను చెయ్యెత్తాను. "అలాంటప్పుడు ఆ వరుస రాయడం దేనికి సార్? అసలు రాయకుండా వదిలేస్తే పోలా? రెండూ ఒకటేగా."

సార్ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. కిటికీ దగ్గరికి వెళ్లి, కింద వీధి వైపు తిరిగి నిలబడ్డారు. నేనేదో అనకూడనిది అన్నానేమోనని భయమేసింది.

"జేసీఎల్‌లో వదిలెయ్ మార్టూరూ, ఏం కాదు. అక్కడ సున్నా రాసినా, రాయకపోయినా ఒకటే" అన్నారు, ఇటు తిరక్కుండానే. "కోబాల్‌లో అట్లా కాదు. నువ్వా వరుస వదిలేస్తే, కట్టకి ఒక్క రికార్డు చాలని నువ్వే చెప్పినట్టు, ప్రోగ్రామ్‌ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ రాసేసుకుంటుంది. ప్రోగ్రామ్ చెప్పింది కదా అని సిస్టమ్ ఇంకెవర్నీ అడగదు. ఏడు వందల రికార్డులు పట్టే చుట్టులో ఎనభై కూడా పట్టవు. తప్పని ఒక్కరూ అనరు. పది రికార్డులతో పరీక్షించి చూస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది."

అప్పుడు ఇటు తిరిగారు. "సున్నా రాయడమంటే, మీరు చూడండి అని నోరు తెరిచి చెప్పడం. ఏమీ రాయకపోవడమంటే నోరు మూసుకు కూర్చోవడం. రెండూ ఒకటేనని ఎప్పుడూ అనుకోకండి."

ఆ రోజు మా పద్నాలుగు మందిలో ఒక్కొక్కరిచేతా ఆ వరుస నల్లబల్ల మీద రాయించారు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ తుళ్లూరు ఆయనకి సున్నా సార్ అని పేరు పెట్టాడు. ఆయనకి తెలిసింది కూడా.

మా నాన్న మార్టూరులో ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో రాళ్ల లోడింగు చూసేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, రేకుల షెడ్డు నీడలో, అంచులు విరిగి పక్కన పడేసిన పలకల మీద సార్ కూర్చుని ఉన్నారు. పక్కన కోటయ్య గారు. అక్కడ పాలిష్ మిషన్ నడిపే పెద్దాయన, మా నాన్నకి మంచి స్నేహితుడు, నాకు బాబాయి వరస. భోజనాల వేళ కావడంతో మిషన్లు ఆగి ఉన్నాయి. కోటయ్య బాబాయి పేపరు పైకి చదువుతున్నాడు. సార్ కళ్లు మూసుకుని వింటున్నారు, మా ప్రోగ్రాములు విన్నట్టే.

"మీ సారా ఆయన?" అన్నాడు నాన్న. "నెలకో ఆదివారం వస్తాడమ్మా. ఏళ్ల నుంచీ వస్తున్నాడు. కోటయ్యతో ఏదో పాత స్నేహం."

మర్నాడు క్లాసులో, "నిన్న మిమ్మల్ని మార్టూరులో చూశాను సార్" అన్నాను. ఆయన సుద్దముక్క చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టేశారు. తర్వాత, "మీ నాన్నతో చెప్పమ్మా, కోటయ్యని ముక్కుకి గుడ్డ కట్టుకోమని. రాతి దుమ్ము మంచిది కాదు. నేను చెబితే వినడు" అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

శిక్షణ అయిన ఆరు నెలలకి హైదరాబాదులో నాకు ఉద్యోగం వచ్చింది. ఏదో దేశపు విమాన సంస్థ సిబ్బందికి డ్యూటీ జాబితాలు తయారుచేసే ప్రోగ్రాములు మా జట్టు చూసేది. చేరిన ఏడాదిలోపే నేను రాసిన మొదటి ప్రోగ్రామ్ ఒకటి అసలు సిస్టమ్ మీదికి ఎక్కింది. ఎక్కిన రోజే, ఉదయం పదకొండు గంటలకి, డిస్కు మీద చోటు చాలక జాబు మధ్యలో పడిపోయింది. మర్నాటి జాబితాలు బయటికి రాలేదు. ఎవరు ఏ విమానం ఎక్కాలో తెలియక అక్కడ జనం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు.

జాబులు నడిపే జట్టులో సరళ గారని ఒకావిడ ఉండేవారు. నలభై దాటిన మనిషి, కాంట్రాక్టు మీద పని. ఫైళ్లకి డిస్కు మీద ఎంత చోటు కేటాయించాలో జేసీఎల్‌లో రాసేది ఆవిడే. మా మేనేజరు అందరి ముందూ ఆవిణ్ణి నిలదీశాడు. "ఇంత తక్కువ చోటు ఎట్లా ఇచ్చారు? కామన్ సెన్స్ ఉండక్కర్లా?" ఆవిడ, "ప్రోగ్రామ్ వాళ్లిచ్చిన రికార్డుల లెక్కకి సరిపోయేంతే ఇచ్చానండి, కాస్త ఎక్కువే ఇచ్చాను" అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు. నెలాఖరుకి ఆవిడ కాంట్రాక్టు ఆపేస్తారని పక్కనున్నవాళ్లు గుసగుసలాడుకున్నారు.

నేను వరండాలోకి వెళ్లి సార్‌కి ఫోన్ చేశాను. ప్రోగ్రామ్‌లో ఏం జరిగిందో తెలుసుకుందామనే చేశాను, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

"సార్, నేను మార్టూరుని."

"చెప్పమ్మా."

జరిగింది చెప్పాను. కాగితం మీద ప్రింటు తీసుకున్న ప్రోగ్రామ్‌లో ఫైలు వర్ణించే భాగం చదవమన్నారు. చదివాను. ఫైలు పేరు, రికార్డు పొడవు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమీ లేదు సార్."

అన్న తర్వాత నాకే వినపడింది, నేనేమన్నానో. ఆ రోజు నల్లబల్ల మీద నా చేత్తో రాసిన వరుస నా మొదటి ప్రోగ్రామ్‌లో లేదు.

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినపడింది.

"ఇప్పుడు తప్పు ఎవరి మీద పెట్టారమ్మా?" అన్నారు.

"సరళ గారని... కాంట్రాక్టు ఆవిడ సార్."

"మీ పెద్దాయన ఎక్కడున్నాడు?"

"తన గదిలో."

"ఇప్పుడే వెళ్లు."

"సార్, నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. ముందు ప్రోగ్రామ్ సరిచేసి, మెల్లగా చెబుతాను."

"సరిచేశాక చెప్పలేవమ్మా." ఆయన గొంతు నేనెప్పుడూ విననంత చిన్నదైపోయింది. "సరిచేశాక అంతా బాగానే ఉంటుంది కదా, ఇప్పుడెందుకులే అనిపిస్తుంది. మర్నాడు ఇంకా అనిపిస్తుంది. నా మాట విను తల్లీ. ఫోన్ పెట్టెయ్యకు. చేతిలో పట్టుకునే వెళ్లు. నేను వింటూ ఉంటాను."

వెళ్లాను. ఫోన్ చేతిలోనే ఉంది. తలుపు తట్టి, "తప్పు నాదండి, సరళ గారిది కాదు, ప్రోగ్రామ్‌లో ఒక వరుస రాయలేదు" అన్నాను. మేనేజరు ముందు అర్థం కాలేదన్నట్టు చూశాడు, తర్వాత అర్థమై గట్టిగా తిట్టాడు. తిట్టాక సరళ గారిని పిలిపించాడు. ఆవిడకి సారీ చెప్పలేదు కాని, "మీరు వెళ్లి జాబు మళ్లీ ఎక్కించండి" అన్నాడు. నేను ఆ వరుస చేర్చిన పావుగంటలో జాబు పూర్తయింది. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది. సరళ గారి కాంట్రాక్టు ఆగలేదు.

వరండాలోకి వచ్చి ఫోన్ చెవికి పెట్టుకుంటే ఆయన ఇంకా అవతల ఉన్నారు.

"అంతా విన్నాను" అన్నారు. "వచ్చే ఆదివారం మార్టూరు వస్తున్నాను. నువ్వూ రా. ఒకటి చెప్పాలి" అన్నారు.

ఆ ఆదివారం రేకుల షెడ్డు కింద ఆ విరిగిన పలకల మీదే ముగ్గురం కూర్చున్నాం. సార్ నా వైపు చూడకుండా కోటయ్య బాబాయి వైపే చూస్తూ మొదలుపెట్టారు.

"అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మద్రాసులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పని. పదో తరగతి మార్కుల జాబితాలు..."

"ఇంటరు" అన్నాడు కోటయ్య బాబాయి.

"ఇంటరే. ఇంటరు మార్కుల జాబితాలు మా సెంటర్‌లో తయారవ్వాలి. ప్రోగ్రామ్ నాది. మిషన్ మీద ఆపరేటరు కోటయ్య. అప్పటికింకా పర్మనెంటు కాలేదు."

"అయ్యేవాణ్ణే. రెండు నెలల్లో."

"అవును, రెండు నెలల్లో. లక్షల రికార్డులు. సగంలో డిస్కు నిండిపోయి జాబు పడిపోయింది. ఫలితాలు రెండు రోజులు ఆగాయి. పైవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఆపరేటరు చిన్న డిస్కు ఎక్కించాడని తేల్చారు. కోటయ్య కాగితంలో రాసిన డిస్కే ఎక్కించానని మొత్తుకున్నాడు. మూడో రోజు నా ప్రోగ్రామ్ నేనే మొదటి నుంచీ చదువుకున్నాను. ఆ వరుస లేదు." కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "వరుస చేర్చాను. జాబు నడిచింది. నోరు మాత్రం తెరవలేదు. ఆ వారంలోనే ఇతన్ని పంపించేశారు."

అటు లారీ ఏదో వెనక్కి వస్తున్న చప్పుడు. కోటయ్య బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఈయన నన్ను వెతుక్కుంటా రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది అమ్మాయ్" అన్నాడు నాతో. "మా ఊరు వెళ్లి, అక్కడ లేనంటే మా బావమరిది ఊరు వెళ్లి, ఆడ అడిగి ఈడకొచ్చాడు. దుమ్ములో నిలబడి మొత్తం చెప్పాడు. ఇప్పుడు చెప్పినట్టే. అప్పుడూ పదో తరగతి అనే అన్నాడు."

"మీరేమన్నారు బాబాయ్?"

"ఏమంటాను? ఫో అన్నాను. గేటు బయటికి నడు అన్నాను. పోయాడు. మళ్లా నెల వచ్చాడు. మళ్లా ఫో అన్నాను. అట్టా ఏడాది పోయింది. గేటు బయట నిలబడేవాడు, నేను పని దిగేదాకా. నేను సైకిలెక్కి పోయేవాణ్ణి, మొహం చూడకుండా."

"తర్వాత?"

"తర్వాతేముంది. కూర్చున్నాడు" అని విరిగిన పలక మీద చేత్తో తట్టాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు. సార్ కూడా అడగలేదు. నేనూ అప్పుడు చిన్నదాన్ని, అడగాలని తట్టలేదు.

ఆ తర్వాత పదేళ్లలో నేను ఆయన్ని ఓ పది సార్లు చూసి ఉంటాను. మేడగది మూసేశారు, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారని. అయినా గుంటూరు వెళ్తే పొన్నూరు రోడ్డులో వాళ్లింటికి వెళ్లేదాన్ని. మోకాళ్ల నొప్పులని కుర్చీలోంచి లేవకుండానే, "రా మార్టూరూ, ఏం రాస్తున్నావు ఇప్పుడు?" అనేవారు. నేను రాసినది ఏదో చదివితే కళ్లు మూసుకుని వినేవారు. బస్సు ఎక్కలేని రోజుల్లో కూడా ఎవరి బండి మీదో, ఎవరి కారులోనో మార్టూరు మాత్రం మానలేదని మా నాన్న చెబుతుండేవాడు.

క్యాంటీన్‌లో ఆ కబురు చూశాక నేను ఆఫీసుకి సెలవు పెట్టి, గుంటూరు వెళ్లకుండా నేరుగా మార్టూరు వెళ్లాను. కోటయ్య బాబాయికి ఎవరు చెప్పి ఉంటారు అన్నదే నా దిగులు. ఎవరూ చెప్పలేదు. పని మానేసి రెండేళ్లయింది, ఇంట్లోనే ఉంటున్నాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, నేను నోరు తెరవకముందే, "ఎప్పుడు?" అన్నాడు.

చెప్పాను. చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. రాతి దుమ్ము పట్టి పట్టి గోళ్లు తెల్లబడిపోయిన చేతులు.

"ఆయన ఇల్లెక్కడో నాకు తెలియదమ్మాయ్" అన్నాడు చివరికి. "ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఎప్పుడూ ఆయనే వచ్చాడు. నన్ను తీసుకెళ్లు."

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఘాటుకి బస్సులో అందరూ దగ్గుతున్నారు. బాబాయి ఒక్కడే దగ్గలేదు. యడ్లపాడు దగ్గర ఉన్నట్టుండి మాట్లాడాడు.

"మొదటి ఏడాది తిట్టానన్నానా నీతో అప్పుడు? ఏడాది తర్వాత ఏం జరిగిందో చెప్పలా. ఒక ఆదివారం ఆయన రాలా. వానలు. రోడ్లన్నీ నీళ్లు. నేను పని దిగి గేటు దగ్గర నిలబడ్డాను. తిట్టడానికే నిలబడ్డాననుకున్నాను. చీకటి పడేదాకా నిలబడి ఉన్నా. మా ఆవిడ గొడుగేసుకొని వచ్చి, ఎవరికోసం అని అడిగింది. చెప్పడానికి నాకు నోరు రాలా." కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. "తర్వాతి నెల వచ్చినప్పుడు లోపలికొచ్చి కూర్చో అన్నాను. అంతే అన్నాను. అంతకన్నా ఏమీ అనలా."

గుంటూరులో దిగి ఆటోలో పొన్నూరు రోడ్డుకి వెళ్లాం. ఇంటి ముందు షామియానా అప్పటికే తీసేశారు. తలుపు తీసింది సార్ భార్య. నన్ను గుర్తుపట్టి తల ఊపారు. నా వెనక చెప్పులు విడుస్తున్న పెద్దాయన్ని చూసి ఒక అడుగు ముందుకొచ్చారు.

"కోటయ్య అన్నయ్యగారేనా?"

బాబాయి తలెత్తాడు. "ఎట్టా గుర్తుపట్టావమ్మా? నన్నెప్పుడూ చూడలా నువ్వు."

"నెలనెలా వింటూనే ఉన్నాను కదండీ" అన్నారామె. "లోపలికి రండి."

చాప వేశారు. మేం కూర్చున్నాక లోపలికి వెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చారు. ఒకటి నాకిచ్చి, రెండోది బాబాయి ముందు పెడుతూ, "దీంట్లో పంచదార వెయ్యలేదండి. మీకు షుగరు ఎక్కువైందని పోయిన నెల మార్టూరు నుంచి వచ్చి ఆయన ఎంతో బాధపడ్డారు" అన్నారు.

బాబాయి గ్లాసు అందుకున్నాడు. తాగలేదు.

ఆమె గోడకి ఆనుకుని కూర్చున్నారు. కొంగు సర్దుకున్నారు. చాలా రోజులుగా దాచుకున్న మాట అని తెలుస్తూనే ఉంది. "అన్నయ్యగారూ, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. వెళ్లొచ్చిన ప్రతిసారీ నేను ఆయన్ని అడిగేదాన్ని, మీ మనసులో ఆ కోపం ఇంకా ఉందా అని. ఏమోనే, నేనడగలేను అనేవారు. ఆఖరి రోజు ఆసుపత్రిలో కూడా అదే అన్నారు. అడగలేకపోయానే అన్నారు."

బాబాయి గ్లాసు నేల మీద పెట్టాడు. తువ్వాలు తీసి ముఖం మీద కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం ఆగేదాకా మేం ఇద్దరం అలాగే కూర్చున్నాం.

"లేదమ్మా" అన్నాడు, తువ్వాలు తీశాక. "ఎప్పుడో పోయింది. ఆయనకి తెలిసే ఉంటదిలే అనుకున్నా. చెప్పి ఉండాల్సింది."

ఆమె ఏడవలేదు. ఆ మాట ఒకసారి లోపల అనుకున్నట్టు పెదవులు కదిపారు. తర్వాత చెయ్యి చాపి గ్లాసు తీసి మళ్లీ ఆయన చేతికి ఇచ్చారు.

"టీ చల్లారిపోతుంది అన్నయ్యగారూ, తాగండి."

బాబాయి తాగాడు.